అరవై ఎనిమిదో ఇంటి మంచినీళ్ళు

మాణిక్యమ్మగారి గురించి రాస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నా గురించి రాయడానికి ఏముందమ్మాయ్, వంగాను, నాటాను, లేచాను, అంతేగా" అంది. నలభై ఏడేళ్ళ బతుకును మూడు మాటల్లో తేల్చేసే మనిషితో ఎవరు వాదిస్తారు? అందుకని చెప్పకుండా రాస్తున్నాను. ఎవరైనా చదివి వినిపిస్తే నా మీద కోప్పడుతుంది. పడనివ్వండి. నేను ఆవిడ మీద పడ్డ కోపం ముందు అదెంత.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నా పేరు ఉషశ్రీ. పుట్టి పెరిగింది బెజవాడ కృష్ణలంకలో. చల్లపల్లికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఒక ఊళ్ళో, గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటుని. ఊరి పేరు ఎందుకులెండి, బస్సు బోర్డు మీద కూడా ఎప్పుడూ సరిగ్గా రాయరు. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ అంటుంది. ఈ కథంతా చదివాక మీరూ అంటారు.

ఆ ఊళ్ళో రేవుగట్టు కాలనీ అని ఒకటుంది. అరవై ఎనిమిది ఇళ్ళు. స్థలాలు పంచిన రోజు చీటీలు తీస్తే మాణిక్యమ్మగారికి అరవై ఎనిమిదో నంబరు వచ్చింది. మూల స్థలం, గాలీ వెలుతురూ అని అందరూ కుళ్ళుకున్నారట. గాలితో పాటు ఇంకేం వస్తుందో తర్వాత తెలిసింది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు కదా. కాలనీకి పల్లం ఎక్కడుందో స్థలాలు కొలిచిన వాళ్ళకు తెలియలేదు గానీ, నీళ్ళకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. అరవై ఏడిళ్ళ వాళ్ళు స్నానాలు చేసి, అంట్లు తోమి, బట్టలుతికి వదిలిన నీళ్ళు, వాటిలో కలిసిన సెప్టిక్ ట్యాంకుల పొర్లు నీళ్ళు, అన్నీ సైడు కాలవలో తీరిగ్గా నడిచొచ్చి ఆవిడ గుమ్మం ముందు ఆగేవి. అవతల మురుగు కాలవ గట్టు ఎత్తుగా ఉండటంతో ముందుకు పోయే దారి లేదు.

నేను మొదటిసారి టేపు పట్టుకుని కొలతలకు వెళ్ళినప్పుడు చున్నీ ముక్కుకు కట్టుకున్నాను. అరుగు మీద కూర్చుని కొడవలికి పదును పెడుతున్న ఆవిడ నన్ను చూసి నవ్వింది. అరవై దాటిన మనిషి, సన్నగా, నల్లగా, నడుం దగ్గర కాస్త వంగి ఉంది.

"కట్టుకో అమ్మాయ్, తప్పులేదు. మా ఆయనకి ఆ బాధ లేదు. మిల్లులో తౌడు దుమ్ముకి ఎప్పుడో ముక్కు పోయింది. దేవుడు ఆయన్ని చల్లగా చూశాడు" అంది. ఆ తర్వాత, "ఎండనపడొచ్చావు, మంచినీళ్ళు తాగుతావా?" అని అడిగింది.

నేను చేతిలో ఉన్న బాటిలు ఎత్తి చూపించాను. "నా దగ్గర ఉన్నాయండి."

ఆవిడ ఆ బాటిలు వంక ఒక్క క్షణం చూసింది. "ఉంటయ్యిలే. తొమ్మిదేళ్ళ నించి ఈ ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు తాగలా. నువ్వెందుకు తాగుతావు" అంది. కోపంగా కాదు, పొద్దున వాన పడిందని చెప్పినట్టు చెప్పింది. నేను టేపు అవతలి కొస పట్టుకునే మనిషి కోసం వెతుకుతున్నట్టు నటించి అక్కడి నుంచి తప్పుకున్నాను.

ఆ తొమ్మిదేళ్ళ లెక్క ఏమిటో తర్వాత నాలుగైదుసార్లు వెళ్ళాక చెప్పింది. మాణిక్యమ్మగారు పదిహేడు మంది ఆడవాళ్ళ నాట్ల ముఠాకి మేస్త్రి. పద్నాలుగో ఏట చేలో దిగింది, ముప్ఫయ్యో ఏట మేస్త్రి అయింది. దమ్ము చేసిన చేలో కాలు పెట్టి, బురద ఎంత లోతుందో, నారు ఎన్ని వేళ్ళ లోతున పెట్టాలో చెప్పగలదు. చుట్టుపక్కల రైతులు, "మాణిక్యమ్మ ముఠా నాటితే మళ్ళీ సందులు పూడ్చే పనుండదు" అంటారు. ఆ ముఠాలో ఒక రివాజు ఉంది. ఆ ఏడాది ఆఖరి మడి నాటిన రోజు, కాళ్ళు కడుక్కుని అందరూ మేస్త్రి ఇంటికొచ్చి భోంచేయాలి. మేస్త్రి ఇంట్లో చెయ్యి తడిపితే వచ్చే ఏడాది కూడా ఆవిడ వెనకే నాటతానని మాట ఇచ్చినట్టు.

తొమ్మిదేళ్ళ కిందట అలాగే వాకిట్లో విస్తళ్ళు వేసింది. అప్పటికి కాలనీ నిండి ఏడాదయింది. కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే గాలి తిరిగింది. అమలమ్మ అని, ముఠాలో ఆవిడ తర్వాత అంతటి మనిషి, ముందు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పక్కనున్న పడుచుపిల్ల వాంతి చేసుకుంది. ఒకరి తర్వాత ఒకరు లేచారు.

"విస్తరి ముందు నించి లేచిపోయారమ్మాయ్. పరాయోళ్ళు కాదు, ఒక్క మడిలో పక్కపక్కన వంగినోళ్ళు" అంది మాణిక్యమ్మగారు. ఆ మరుసటి ఏడాది నుంచి భోజనం పన్నెండో నంబరులో, అమలమ్మ ఇంట్లో. "నాటేది నా ఎనక, తినేది అమలమ్మ ఇంట్లో. అమలమ్మని నేనేం అనను, మంచిది. కానీ ఒక్క ఏడన్నా నా వాకిట్లో తినాలమ్మాయ్. లేకపోతే నేనేం మేస్త్రిని?"

నాకు సిగ్గేసింది. నా బాటిలు గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది. అప్పటికే మురుగునీటిని మొక్కలతో శుభ్రం చేసే పద్ధతి గురించి ఒక శిక్షణలో విని, సర్పంచి శివపార్వతిగారిని ఒప్పించే పనిలో ఉన్నాను. ఆ రోజు నుంచి అది ఉద్యోగం కోసం చేసే పని కాకుండా పోయింది.

కాగితాల్లో దానికేదో పొడుగు పేరుంది. కాలనీలో అందరూ కిక్కిస మడి అన్నారు. ఏం లేదండీ, ముందు ఒక మూడు గదుల తొట్టి. కాలనీ నీళ్ళన్నీ అందులోకొచ్చి మడ్డి కిందకి దిగుతుంది. పైన తేరిన నీళ్ళు గొట్టంలో కంకర పోసిన పెద్ద మడిలోకి వెళతాయి. కంకరలో కిక్కిస, అదే రెల్లులా ఏపుగా పెరిగే గడ్డి, అంచుల వెంట జమ్ము, మెట్టతామర. నీళ్ళు కంకర లోపల్లోపలే, పైకి కనపడకుండా, వేళ్ళ మధ్యగా నడుస్తాయి. అవతలి కొసకు చేరేసరికి మురికి పోతుంది, వాసన పోతుంది. అక్కడి నుంచి గట్టు కింద గొట్టం వేసి మురుగు కాలవలోకి వదిలినా ఎవరికీ ఇబ్బంది లేదు.

"అంటే ఏళ్ళు మురికిని తింటాయన్న మాట" అంది మాణిక్యమ్మగారు.

"తినేది వేళ్ళు కాదండీ, వేళ్ళకీ కంకరకీ అంటుకుని ఉండే సూక్ష్మజీవులు."

"ఎవరు తింటే ఏం అమ్మాయ్, ఎంగిలాకు మిగలకపోతే చాలు."

పంచాయతీ జాగా మూడు గజాలు తక్కువొస్తే తన పెరడులోంచి ఇచ్చింది. అందులో కాపు మీదున్న మునగచెట్టు ఉంది. నేను నసిగాను. "కొట్టెయ్, మునక్కొమ్మ ఎక్కడ గుచ్చితే అక్కడ లేస్తది" అంది. తాపీ పని మీరావలిగారిది. ఆయన సొంతూరు ఇబ్రహీంపట్నం, పని కోసం చల్లపల్లి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి మట్టం చూసుకుంటూ, నాలుగు రోజులకోసారి "అమ్మా, మనిషి అబద్ధం చెబుతాడు, నీళ్ళు చెప్పవు" అనేవారు. బయటికిపోయే కొసలో చిన్న గుంట కట్టి, గొట్టానికి మోచెయ్యిలా వంపు తిరిగిన ఎల్బో ఒకటి పెట్టారు. దాన్ని వంచితే మడిలో నీటిమట్టం దిగుతుంది, లేపితే ఎక్కుతుంది. మట్టం ఎప్పుడూ కంకర పైభాగానికి రెండంగుళాలు కిందే ఉండాలి. అదే దీనికి ప్రాణం.

మాఘమాసంలో మొక్కలు నాటాం. నాటింది ఇంకెవరు, మాణిక్యమ్మగారి ముఠానే. బురదలో వెనక్కి నడుస్తూ నాటే వాళ్ళను కంకర మీద మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను.

"ఇన్నేళ్ళూ కాలవల్లో జమ్ము పీకినందుకు కూలి తీసుకున్నాం. ఇప్పుడు జమ్ము నాటినందుకు తీసుకుంటన్నాం. రేపు మనల్ని చూసి నవ్వినోళ్ళ దగ్గర కూడా కూలి తీసుకోవాల" అంది అమలమ్మ. ఆ మధ్యాహ్నమంతా నవ్వులే.

మాణిక్యమ్మగారు మాత్రం నవ్వలేదు. ఒక్కో దుబ్బును రెండు చేతులతో పట్టుకుని, కంకర తోసి, నొక్కి, మళ్ళీ లాగి చూసేది. ఆఖరున లేచి మడంతా ఒకసారి చూసి, "పైన చుక్క నీళ్ళు కనపడవేం అమ్మాయ్?" అంది.

"కనపడకూడదండీ. ఇది అంతే" అన్నాను. ఎందుకు కనపడకూడదో చెప్పలేదు. చల్లపల్లి బస్సుకు టైమవుతోంది. మర్నాడు పొద్దున, ఊళ్ళో వాళ్ళు కెలకకుండా ఎర్ర అక్షరాలతో ఒక బోర్డు రాయించి గుంట పక్కన పాతాను. 'దీనిని ముట్టుకోరాదు.' ఎంత తెలివైన దాన్నో చూడండి.

రెండు నెలలు బాగానే గడిచాయి. ఏప్రిల్లో పంట కాలవలకు నీళ్ళు ఆపేశారు. ఎండలు ముదిరాయి. అప్పుడు మొదలైంది. ముందు దోమలు. తర్వాత వాసన. అదీ మామూలు పాత వాసన కాదు, కోడిగుడ్డు కుళ్ళినట్టు. వెళ్ళి చూస్తే మడి మీద వరిచేలో నిలిచినట్టు నాలుగు వేళ్ళ నీళ్ళు. ఎల్బో నేను పెట్టినట్టే ఉంది. మరి నీళ్ళెలా ఎక్కాయి? ఎల్బో ఇంకాస్త వంచాను, దిగలేదు. చేతికి ప్లాస్టిక్ సంచీ తొడుక్కుని గొట్టంలో పెట్టి చూస్తే మెత్తగా తగిలింది. లాగాను. గోనెపట్టా ముక్కలో చుట్టిన బంకమట్టి ముద్ద. మధ్యలో గడ్డి పరకలు పెట్టి మరీ పిసికిన ముద్ద. ఎవరో తీరిగ్గా, శ్రద్ధగా చేశారు.

తీసి పారేశాను. సాయంత్రానికి నీళ్ళు దిగాయి. మర్నాటికి మళ్ళీ ముద్ద, మళ్ళీ నీళ్ళు. ఇలా పది రోజులు. నా బుర్రకు ఒక్కరే తోచారు, తిరుపతిరావు మాస్టారు. రిటైరైన లెక్కల మాస్టారు, అరవై ఒకటో నంబరు ఇల్లు. మొదటి నుంచీ ఆయనకు ఈ మడి గిట్టదు. "మురుగు పోయే దారి చూడమంటే, మురుక్కి పెరటితోట వేశారు" అని అందరితో అనేవారు. ఇప్పుడు దోమలు రావడంతో సంతకాలు సేకరించి, మడి పూడ్చేయాలని శివపార్వతిగారికి ఇచ్చారు. ఆవిడ వచ్చే సోమవారం గ్రామసభ పెట్టారు. సభ సరేనంటే మట్టి తోలి పూడ్చేస్తారు. కాలనీ మురుగు మళ్ళీ మామూలుగా అరవై ఎనిమిదో గుమ్మం ముందుకి.

శనివారం టీ కొట్టు దగ్గర మాస్టారు కనపడ్డారు. నలుగురున్నారు. ఉంటే నాకేం?

"మాస్టారూ, మడి పాడు చేయాలంటే సంతకాలు చాలవా, రోజూ పొద్దున్నే లేచి గొట్టంలో గోనె కూడా కుక్కాలా?" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "అమ్మాయ్, నోరు మంచిదైతే ఊరు మంచిది. నా నడుం వంగక మూడేళ్ళయింది. చెప్పు కింద పడితే మా ఆవిడ తీసిస్తది. ఆ గుంటలోకి నేనెట్టా దిగుతాను?"

నిజమే అనిపించింది, కానీ అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు. విసవిసా వచ్చేశాను.

సోమవారం సభ పదింటికి. దొంగను పట్టుకుని ఫొటో తీసి సభలో చూపిద్దామని పొద్దున్నే ఐదున్నరకు వెళ్ళాను. గుంటలో ఒక మనిషి మోకాళ్ళ మీద వంగి ఉంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, రెండు చేతులా మట్టి. ఫోను తీశాను. తల తిప్పింది. మాణిక్యమ్మగారు.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

"నీళ్ళు పోకుండా మడవ కడతన్నా అమ్మాయ్" అంది, చేనిగట్టు మీద రైతును పలకరించినట్టు మామూలుగా. "చూడు, కంకర పెనంలా కాలిపోతంది. పైన చుక్క నీళ్ళు లేకపోతే కొత్తగా నాటిన మొక్క ఏమైపోద్ది? ఆకుల కొనలు అప్పుడే మాడిపోయినయ్. నువ్వు మాపటికి తీసేస్తన్నావు, నేను పొద్దున కడతన్నా."

"తీసేది నేనని మీకు తెలుసా?"

"తెలవకేం. పట్నం పిల్లవి, నాటు సంగతి నీకేం తెలుసుద్దిలే, చెబితే నొచ్చుకుంటావని ఊరుకున్నా."

నేను ఆవిడకు చెప్పలేదు, పల్లెటూరి మనిషికి ఏం అర్థమవుతుందిలే అని. ఆవిడ నాకు చెప్పలేదు, పట్నం పిల్లకు ఏం తెలుస్తుందిలే అని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. అరిచాను. పైన నీళ్ళు నిలిస్తే కంకరలోకి గాలి పోదని, గాలి పోకపోతే కుళ్ళిపోయి కంపు కొడుతుందని, నిలిచిన నీళ్ళలో దోమలు గుడ్లు పెడతాయని, ఫిబ్రవరిలో చెప్పాల్సిన పాఠమంతా ఆ పొద్దున అరిచి చెప్పాను.

ఆవిడ మట్టి చేతుల వంక చూసుకుంది. "అయితే ఈ కంపు నా వల్లేనా?"

"మీ వల్లే" అన్నాను.

ఆవిడ ముద్దను గట్టు మీద పెట్టింది. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. ఇంట్లోకెళ్ళి తలుపేసుకుంది. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన మనిషికి, తన చేత్తోనే చెడగొట్టుకుందని ఎవరైనా మెల్లగా చెప్పాలి. నేను చెప్పిన తీరు అది. నాకు చాలా బాధేసింది, చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

సచివాలయానికొచ్చి శిక్షణలో ఇచ్చిన పుస్తకం తీశాను. నేను చదవని పేజీ ఒకటి అందులో ఉంది. నాటిన కొత్తలో మొక్కలు తిప్పుకునేదాకా నీళ్ళు కంకర అంచుకు సమానంగా ఉంచాలి, తర్వాత కొద్దికొద్దిగా కిందకు దించాలి, అప్పుడు వేళ్ళు నీళ్ళను వెతుక్కుంటూ లోతుకు పోతాయి. నేనేమో మొదటి రోజే రెండంగుళాలు దించి కూర్చున్నాను. మొక్క మాడుతోందని ఆవిడ అన్నది నిజమే. కాకపోతే ఎంతవరకు ఎక్కించాలో ఆవిడకు తెలియదు, ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియదు.

సభలో ఆవిడ పేరు ఎత్తకూడదనుకున్నాను. ఎత్తితే ఆ ఊరు ఆవిడను బతకనివ్వదు. సాంకేతిక లోపం అని చెబుదామని నిర్ణయించుకున్నాను. మా ఉద్యోగాల్లో ఆ మాట గొప్ప గొడుగు.

బడి వరండాలో జనం నిండారు. మాస్టారు లేచి దోమల గురించి చెప్పారు, కంపు గురించి చెప్పారు, టీ కొట్టు దగ్గర నేను ఆయన్నేమన్నానో కూడా చెప్పారు. అందరూ నా వంక చూశారు. నేను లేచి, "ఇందులో చిన్న సాంకేతిక లోపం" అన్నానో లేదో, వెనక నుంచి గొంతు వినపడింది.

"లోపమూ లేదు, పాడూ లేదు. ఆ గోనె నేనే కుక్కాను."

ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ముందు నవ్వింది అమలమ్మ. తర్వాత వరండా అంతా నవ్వింది. మాణిక్యమ్మగారు నిలబడే ఉంది, నవ్వు అయ్యేదాకా.

"నవ్వండి. నలభై ఏడేళ్ళు నీళ్ళు నిలబెట్టిన చెయ్యి ఇది. చేలో నీళ్ళు పోతంటే నిద్రలో కూడా మడవ కడతది. మీ చేతులు వేరేనా? ఈ ఇంజినీరమ్మ ముట్టుకోవద్దని బోర్డు పెట్టింది గానీ ఎందుకో చెప్పలా. ఈ పొద్దున చెప్పింది. కొంచెం గట్టిగానే చెప్పిందిలే."

"తప్పు నాది కూడా" అన్నాను. పుస్తకం తెరిచి ఆ పేజీ చదివాను. కొద్దికొద్దిగా దించితే వేళ్ళు కిందకి పోతాయన్న చోట ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఆగమ్మాయ్." రైతుల వైపు తిరిగింది. "వరి పిలకలేసేటప్పుడు నీళ్ళు తీసి చేను ఆరగడతారా లేదా?"

"కడతాం" అన్నారు ఇద్దరు ముగ్గురు.

"ఎందుకు?"

"ఏళ్ళు లోపలికి దిగడానికి."

"మరి అదేగా ఇది. ఈ పుస్తకంలో ఉన్నది మన చేలో ఉన్నదే. నాకు నాటు వరకే గుర్తుంది, ఆరగట్టడం గుర్తురాలా." శివపార్వతిగారి వైపు చూసింది. "నాట్లు అయిపోయేదాకా గడువివ్వండమ్మా. అప్పటికీ కంపు కొడితే నేనే పార పట్టుకుని పూడుస్తా. వచ్చి ఆగేది నా గుమ్మం ముందేగా, మీకెవరికీ నష్టం లేదు."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "తిలాపాపం తలా పిడికెడు. ఆవిడ గుమ్మం ముందు నిలిచేది మా ఇంటి నీళ్ళు కూడా. గడువివ్వండి" అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు నాకు చెప్పాల్సింది మాత్రం టీ కొట్టు దగ్గరే చెప్పాలి. అన్నది అక్కడ కదా."

మర్నాడు అదే బెంచీ మీద, అదే నలుగురి ముందు క్షమించమని అడిగాను. చక్కెర లేని టీ కూడా ఇప్పించాను. ఆయన నిదానంగా తాగి, మార్కులు వేస్తున్నట్టు తలూపారు.

ఆ రోజు నుంచి ఎల్బో మాణిక్యమ్మగారి చేతికి వచ్చింది. బోర్డు నేనే పీకేశాను. ఆవిడ ఒక వెదురు పుల్లకు కొడవలితో గాట్లు పెట్టింది, గాటుకూ గాటుకూ మధ్య తన బొటనవేలంత. ముందు నీళ్ళను కంకర అంచుకు తెచ్చింది. నాలుగు రోజులకు అర గాటు దించింది. మొక్కను చూస్తుంది, ఒక దుబ్బును కాస్త లాగి పట్టు చూస్తుంది, అప్పుడు ఇంకో అర గాటు. "పసిపిల్లకి పాలు మాన్పించినట్టు మాన్పించాల, ఒక్కరోజులో కాదు" అనేది. పది రోజులకు దోమలు తగ్గాయి. నెలకు వాసన పోయింది. జులై వానలు పడేసరికి కిక్కిస నా తల దాటింది. మీరావలిగారు అవతలి కొసన గాజు గ్లాసులో నీళ్ళు పట్టి ఎండకు ఎత్తి చూపిస్తే, ఆయన వేళ్ళు అవతల నుంచి స్పష్టంగా కనపడ్డాయి. తాగడానికి కాదు లెండి. ఆ నీళ్ళతోనే కొత్తగా గుచ్చిన మునక్కొమ్మ చిగుళ్ళేసింది.

ఆగస్టు ఆఖర్లో ముఠా ఆఖరి మడి నాటింది. ఆ పొద్దున్నుంచి మాణిక్యమ్మగారింట్లో పొయ్యి మీద ఎసరు. మిల్లుకు సెలవు పెట్టి వాళ్ళాయన గోంగూర ఒలిచాడు. పాపం, ముక్కు లేదు కాబట్టి చేపల పులుసు వాసన ఎలా ఉందో నన్ను అడిగి తెలుసుకున్నాడు. కానీ ఆవిడ ముఠాలో ఎవర్నీ పిలవలేదు. ఎందుకు పిలవలేదని నాకు మళ్ళీ కోపం.

"పిలిస్తే మొహమాటానికి వస్తారు. కొంగు అడ్డం పెట్టుకోలేక కూర్చుంటారు. రావాలనుకుంటే వాళ్ళకే తోచాల" అంది, చేలోకి వెళ్ళబోతూ. "రాకపోతే నువ్వూ నేనూ తిందాం."

మధ్యాహ్నం కాలనీ మొదట్లో నిలబడి చూస్తున్నాను. పదిహేడు మందీ బురద కాళ్ళతో, కుచ్చిళ్ళు ఎగదోపుకుని వస్తున్నారు. మాణిక్యమ్మగారు అందరికంటే వెనక, నేల చూపులు చూస్తూ. పన్నెండో నంబరు దగ్గరకు రాగానే అలవాటు ప్రకారం అందరూ ఆగారు. అమలమ్మ గేటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మాణిక్యమ్మగారు ఆగలేదు. వాళ్ళను దాటుకుని తన ఇంటివైపు ఒక్కతే నడుస్తూ పోయింది.

అమలమ్మ బయటికి వచ్చింది. చంకలో స్టీలు పళ్ళేల దొంతర, చేతిలో మామిడికాయ పచ్చడి జాడీ. "ఏమే, నిలబడిపోయారేం? మేస్త్రి ఇల్లు అటుంటే ఇటు చూస్తారేం? నడవండి" అంది.

మాణిక్యమ్మగారు వెనక్కి తిరిగి చూడలేదు. కానీ నడక నెమ్మదించింది, వాళ్ళు కలుసుకునేదాకా.

వాకిట్లో రెండు వరసలుగా కూర్చున్నారు. పక్కనే కిక్కిస గాలికి ఊగుతోంది. గాలి ఒకసారి తిరిగింది. అమలమ్మ తల ఎత్తి ముక్కుతో గట్టిగా పీల్చింది, అందరికీ కనపడేలా. "పులుసులో మెంతులు ఎక్కువయినయ్" అని మళ్ళీ తినడం మొదలుపెట్టింది. రెండోసారి అన్నం పెట్టించుకుంది. అప్పుడు, ముద్ద నోట్లో ఉండగానే, చెయ్యి చాచి అడిగింది.

"మంచినీళ్ళివ్వవే మాణిక్యం."

ఆవిడ కుండలో ముంచిన చెంబుతో వచ్చింది. గ్లాసులో పోస్తే కాస్త ఒలికింది. అమలమ్మ గటగటా తాగేసి గ్లాసు మళ్ళీ చాచింది. ఇవతల ఇంకొకరు గ్లాసు చాచారు, అవతల ఇంకొకరు. ఆవిడ వరస వెంట వంగి పోసుకుంటూ వెళ్ళింది, నలభై ఏడేళ్ళు నారు నాటిన ఆ వంగుడే. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. వరస ఆఖరున కూర్చున్న నా దగ్గరకొచ్చి ఆగింది.

"నీకు నీ బాటిలుందిగా ఇంజినీరమ్మా" అంది.

"ఉందండీ" అని సంచీలోంచి తీసి మూత విప్పాను. బస్సులోనే ఒంపేసి తెచ్చాను. "ఖాళీది. నింపండి."